తలకి పోసుకున్నాక

యానాంలో నా జాకెట్ల కొట్టుకి వచ్చే ఆడవాళ్ళు కొలతలిచ్చే ముందు తరచూ ఒక మాట చెబుతారు. "తేదీ దగ్గర్లో ఉందమ్మా, టేపు మరీ బిగించకు." నెలసరికి ముందు ఆ కొద్ది రోజులూ రొమ్ములు బరువెక్కుతాయి, సలుపుతాయి, చెయ్యి తగిలితే గడ్డలు గడ్డలుగా ఉంటాయి. తలకి పోసుకున్నాక మళ్ళీ మామూలైపోతాయి. అందుకని ఆ రోజుల్లో ఇచ్చిన కొలతని నేను నమ్మను, ఆది తెమ్మంటాను. ఒంటికి సరిగ్గా కుదిరిన పాత జాకెట్టుని మేం ఆది అంటాం. దాన్ని బల్ల మీద పరిచి, దాని ప్రకారమే కొత్త గుడ్డ కత్తిరిస్తాం. పెళ్ళికి ముందు నుంచీ ఇదే నా పని. ఆడవాళ్ళ ఒంటి సంగతి నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందిలే అనుకునేదాన్ని.

తెలిసి ఏం ఒరిగింది? ఆ తెలివే మా కొంప ముంచింది. అక్క విషయంలో అయిందేదో అయింది. ఇప్పుడు అక్క కూతురి విషయంలో ఏం చెయ్యాలో పాలుపోక ఇదంతా రాస్తున్నాను.

అక్క కాపురం మా ఇంటికి రెండు వీధుల అవతలే. బావ దరియాలతిప్పలో రొయ్యల చెరువులు చూసుకుంటాడు, తెల్లారకుండానే మోటారు సైకిలేసుకుని పోతాడు. ఇంట్లో అక్క, వాళ్ళ అత్తగారు, ఒక్కగానొక్క కూతురు. అత్తగారికి మోకాళ్ళు పోయాయి గాని భక్తి పోలేదు. ఆవిడ కుర్చీలో కూర్చుని చెబుతుంటే పూజలూ నైవేద్యాలూ అక్క ఒంటిచేత్తో చేసేది. ఉన్నది ఒక్క కోడలు. ఆ కోడలు మూడు రోజులు దూరం కూర్చుంటే ఆ ఇంట్లో నైవేద్యం పొయ్యెక్కదు. అందుకని పండగొస్తోందంటే అక్క మాత్రలేసుకునేది. నెలసరిని వాయిదా వేసే మాత్రలు. మా వీధిలో అవి ఎరగని కోడలు లేదు. వరలక్ష్మీ వ్రతం ముందు మందుల కొట్టు దగ్గర మొగుళ్ళు నిలబడి ఉంటారు. పేరు కూడా చెప్పక్కర్లేదు, కొట్టతనే "పండక్కేనాండీ" అని చేతిలో పెట్టేస్తాడు. బావ కూడా అలా తెచ్చిచ్చినవాడే.

ఆ ఏడు దసరాకి కొంచెం ముందు అక్క కొత్త జాకెట్టు వేసి చూసుకోవడానికి కొట్టుకి వచ్చింది. తెర వెనక్కి పోయి, నన్ను పిలిచి, "ఇక్కడ చూడవే" అని నా చెయ్యి ఎడమ వైపు చంక కిందికి లాక్కుంది. చింతగింజంత గట్టిగా తగిలింది. దాని చుట్టూ కూడా గట్టిగానే ఉంది. కుడివైపు పట్టుకుని చూస్తే అక్కడా గడ్డలే. మా అమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. విషయం విని తలైనా ఎత్తకుండా, "తేదీ ముందు అలాగే ఉంటాదే. తలకి పోసుకున్నాక అదే పోద్ది" అంది.

అమ్మ అబద్ధం చెప్పలేదు. ఆ వేసవిలో ఆసుపత్రి వాళ్ళు మా వీధి ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి చెప్పిందీ అదే. నెలసరి ముందు చూసుకుంటే మీకేం తెలియదు, అయ్యాక చూసుకోండి, అప్పటికీ ఉంటే మా దగ్గరికి రండి అన్నారు. అందరం బుద్ధిగా తలలూపి, వాళ్ళిచ్చిన మజ్జిగ తాగి వచ్చాం. కాబట్టి అక్క, తలకి పోసుకున్నాక చూద్దాంలే అంది. నేనూ సరేనన్నాను.

కాని తలకి పోసుకునేదెప్పుడు? దసరా తొమ్మిది రోజులూ అమ్మవారికి నైవేద్యాలు. మాత్రలు. పండగయ్యాక మాత్రలు ఆపితే తేదీ వచ్చింది, వెళ్ళింది. అక్క చూసుకుని, "తగ్గిందే" అంది. నిజంగానే తగ్గింది. చుట్టూ ఉన్న వాపు తీసేసింది, కుడివైపు మెత్తబడింది, ఎడమవైపు ఆ గింజ ఉండీ లేనట్టుంది. ఇంకో నెల చూద్దాం అనుకున్నాం. ఈలోగా కార్తీకం. సోమవారాల ఉపవాసాలు, పౌర్ణమికి గోదావరిలో దీపాలు, ఇంటి నిండా చుట్టాలు. మళ్ళీ మాత్రలు. ఆ తర్వాత మార్గశిరంలో లక్ష్మివారాల నోము. ప్రతిసారీ తేదీ అయ్యాక చూద్దాం అనుకోవడం, ఆ తేదీనేమో మాత్రేసి వెనక్కి నెట్టడం. ఇంటిల్లిపాదీ అక్క తేదీని పండగల చుట్టూ తిప్పారు. లోపల గడ్డకి మాత్రం ఏ వాయిదా లేదు.

మాఘమాసంలో పెళ్ళిళ్ళ జాకెట్లతో నాకు ఊపిరాడని రోజుల్లో అక్క మళ్ళీ వచ్చింది. అద్దం ముందు చెయ్యి పైకెత్తమన్నాను, చంక దగ్గర కుట్టు చూద్దామని. ఎడమ రొమ్ము మీద చర్మం గుంటపడి లోపలికి పోయింది. నోట్లో పెట్టుకున్న గుండుసూదులు తీసి బల్ల మీద పెట్టాను. అక్క అద్దంలో నా మొహం చూసి, "ఏంటే" అంది. మర్నాడే బావని తీసుకుని కాకినాడ పోయాం.

అక్కడి పరీక్షల గొడవంతా చెప్పను. ఆ డాక్టరమ్మ మా అక్కచెల్లెళ్ళిద్దరికంటే చిన్నది, గొంతు మెత్తన. రొమ్ము క్యాన్సరు, హార్మోన్ల మీద బతికే రకం, చంకలోకి కొంచెం పాకింది అని చెప్పింది. చెప్పి ఆగింది, మేం ఏడుస్తామనుకుంది కాబోలు. అక్క ఏడవలేదు. "నా పిల్లకీ వస్తాదాండీ?" అని అడిగింది. నాకేమవుతుందండీ అని అడగలేదు, ఎన్నాళ్ళు బతుకుతానండీ అని అడగలేదు. ఆ రోజు నుంచి ఈ రోజు వరకూ అక్క అడిగే ప్రశ్న అదొక్కటే. "ముందు మీ సంగతి చూద్దామమ్మా" అంది డాక్టరమ్మ.

బావ గొంతు సవరించుకున్నాడు. "పండగలకి మాత్రలేసుకునేదండీ. నేనే తెచ్చేవాణ్ణి. వాటివల్లేనాండీ?"

"ఎప్పుడో నాలుగు రోజులు వేసుకున్న మాత్రల మీదకి తోసెయ్యలేమండీ. వాటివల్ల గడ్డని ఆలస్యంగా పట్టించుకున్నారు, అది నిజం. వాటివల్లే వచ్చిందని మాత్రం నేను చెప్పలేను" అందావిడ. బావ తలూపాడు గాని, నమ్మినట్టు లేదు. ఇప్పటికీ మందుల కొట్టు ముందు నుంచి పోవాల్సొస్తే బండి వేరే సందులోకి తిప్పుతాడు.

మరి దేనివల్ల వచ్చిందండీ అని నేను పట్టుకున్నాను. నాకు కోపం వస్తే ఎదుటివాళ్ళు చెప్పేదాకా వదలను, అది నా బుద్ధి. ఆవిడ కాగితం తీసి రొమ్ము లోపల పాలగొట్టాలు బొమ్మ గీసింది. ప్రతినెలా అండాశయాలు రెండు హార్మోన్లు వదులుతాయట. అండం విడుదలయ్యాక రెండోది, ప్రొజెస్టెరాన్, పెరుగుతుంది. కడుపు పండుతుందేమో, పాలకి గది సిద్ధం చెయ్యాలి అని రొమ్ముకి కబురు పెడుతుంది. ఆ పాలగొట్టాల్లో మూలకణాలని కొన్ని ఉంటాయట, మిగతా కణాలన్నీ వాటి నుంచే పుడతాయి. తమాషా ఏమిటంటే హార్మోను కబురు వాటికి నేరుగా అందదు. పక్కనున్న కణాలు అందుకుని వాటిని నిద్రలేపుతాయి. మా చిన్నప్పుడు ఫోను పక్కింటికి వచ్చేది, వాళ్ళు గోడ మీంచి కేకేస్తే మేం పరిగెత్తేవాళ్ళం, అలాగన్నమాట. లేచిన మూలకణాలు రెండు నాలుగవుతాయి. అదే తేదీ ముందు వచ్చే ఆ బరువు, ఆ గడ్డలు. కడుపు రాకపోతే హార్మోన్లు తగ్గిపోతాయి, పెరిగిన కణాల్లో చాలావరకు రాలిపోతాయి. మళ్ళీ నెల మళ్ళీ మొదలు.

"ఇలా ప్రతినెలా కణాలు తమని తాము నకలు తీసుకుంటుంటే ఎక్కడో ఒక పొరపాటు దొర్లుతుంది. మామూలు కణంలో దొర్లితే అది రాలిపోతుంది, పీడా పోతుంది. మూలకణం అలా పోదు, ఏళ్ళ తరబడి ఉంటుంది. దానిలో దొర్లితే అక్కణ్ణించి పుట్టేవన్నీ అదే పొరపాటుతో పుడతాయి" అంది డాక్టరమ్మ.

"ఆదిలోనే తేడా ఉంటే, దాన్ని చూసి కుట్టిన జాకెట్లన్నీ అదే తేడాతో వస్తాయి కదండీ" అన్నాను.

ఆదంటే ఏమిటో చెప్పించుకుని, "అంతేనండి" అంది. డాక్టరు చెప్పిన సంగతి అర్థమైందని ఒక్క నిమిషం మురిసిపోయాను కూడా. ఆసుపత్రి మెట్లు దిగుతుంటే ఒళ్ళు మండిపోయింది. అర్థమైతే ఏంటట? నా కొట్లో అయితే ఆ ఆది పక్కన పడేసి ఇంకోటి తెమ్మంటాను. ఇక్కడ ఎవరిని తెమ్మనేది?

ఆ తర్వాత వెళ్ళినప్పుడల్లా ఇంకాస్త ఇంకాస్త తెలిసింది. చిన్న వయసులో పెద్దమనిషి అయితే ముప్పు కొంచెం ఎక్కువ. నెలసరి ఆలస్యంగా ఆగితే ఎక్కువ. పిల్లలు పుట్టకపోతే ఎక్కువ. నాకు పిల్లల్లేరు, ఇదొకటి తక్కువైంది అనుకున్నాను. "అంటే ఆడదానిగా పుట్టి నెలనెలా తలకి పోసుకోవడమే ప్రమాదమాండీ" అని విసుక్కున్నాను ఒకసారి. ఆవిడ నవ్వలేదు. "చాలామందికి ఏమీ కాదండీ. ఎవరికవుతుందో ముందుగా మాకూ తెలీదు" అంది.

ఆపరేషను చేసి ఎడమ రొమ్ము తీసేశారు. తర్వాత కీమో. అక్క జుట్టు ఊడింది, గోళ్ళు నల్లబడ్డాయి, నోరు పూసింది. పులసలొచ్చే రోజులని బావ ఎక్కడో పట్టి ఒక ముక్క తెస్తే, అత్తగారు మోకాళ్ళు పట్టుకుని నిలబడి తనే పులుసు పెట్టారు. అక్క ఒక ముద్ద తిని, "ఇనుము నాకినట్టుందండీ అత్తయ్యగారూ" అని కంచం పక్కకి జరిపింది. ఆవిడ ఆ కంచం ముందేసుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయారు. చూడ్డానికొచ్చినవాళ్ళు తలా ఒక ఆకు పసరు చెప్పి పోయారు. కొట్లో నేను చేసేదేముంది, ఎడమవైపు లోపల దూది సంచి పెట్టి జాకెట్లు కుట్టాను. ఎన్నిసార్లు విప్పి కుట్టినా కుడివైపుతో కలిసేది కాదు. "ఎవరు చూడొచ్చారులేవే" అనేది అక్క.

కీమో అయ్యాక అండాశయాల పని ఆపడానికి నెలకొక ఇంజెక్షను మొదలుపెట్టారు, పొట్ట మీద చర్మం కిందికి. ఇక తేదీ రాదన్నారు. ఇంటికొచ్చి అత్తగారికి ఆ సంగతి చెప్పాం. ఆవిడ అక్క తల నిమిరి, "పోన్లేమ్మా. ఇకమీదట పండగలకి అడ్డం ఉండదు" అన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరవబోతుంటే అక్క నా మోచెయ్యి నొక్కింది. తర్వాత వీధి గుమ్మం దాకా నాతో వచ్చి, "ఆవిడకి నాతో ఏదో ఒక మంచి మాట చెప్పాలని ఉందే. ఇంకేం దొరకలేదు" అంది. ఆ మాటకి నా కోపం ఎటు పోవాలో తెలియక నాలోనే ఉండిపోయింది.

అప్పుడొచ్చింది ఇంకో పిడుగు. అమ్మమ్మ కడుపులో గడ్డతో చిన్న వయసులోనే పోయిందని మాటల్లో చెబితే, డాక్టరమ్మ అక్క రక్తాన్ని జన్యు పరీక్షకి పంపింది. కణంలో పొరపాటు దొర్లితే సరిచేసే జన్యువొకటి ఉంటుందట. అక్కది పుట్టుకతోనే పాడై ఉందని వచ్చింది. అందరిలోనూ నకలు తప్పులు పడతాయి, కాని అక్క ఒంట్లో వాటిని దిద్దేవాళ్ళు సరిగా లేరు. అదే లోపం వల్ల అండాశయాలకీ ముప్పుంది కాబట్టి ఒళ్ళు కుదుటపడ్డాక అవి తీసేద్దామన్నారు. అక్క వెంటనే సరేనంది. నన్నూ పరీక్ష చేశారు. నాకు లేదని వచ్చింది. కాగితం పట్టుకుని అక్క మొహం ఎలా చూడాలో తెలియలేదు. ఒక తల్లి కడుపున పుట్టాం, ఒకే పళ్ళెంలో తిన్నాం. అక్కే నా చెయ్యి పట్టుకుని, "పోనీ, ఒకళ్ళన్నా" అంది.

ఆ తర్వాత మళ్ళీ అదే ప్రశ్న. "నా పిల్లకండీ?"

"ఉండటానికీ లేకపోవడానికీ సగం సగం అవకాశమమ్మా. ఇప్పుడు పరీక్ష చెయ్యం. చిన్నపిల్ల, తెలిసినా ఈ వయసులో మనం చేసేదేం లేదు. పెద్దయ్యాక, తనే తెలుసుకోవాలనుకుంటే అప్పుడు చేద్దాం."

"అప్పటిదాకా?"

"మామూలుగా పెరగనివ్వండి" అంది డాక్టరమ్మ.

యానాం తిరిగొస్తున్నంతసేపూ బస్సులో అక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఊరి పొలిమేరలో దిగబోతూ, "అది ఇంకో రెండు మూడేళ్ళు పెద్దమనిషి కాకుండా ఉంటే బాగుణ్ణే" అంది. అలాంటివి మన చేతిలో ఉంటాయా అన్నాను. "లేవని తెలుసులేవే. అనుకోకూడదా ఏంటి" అంది.

రెండు మూడేళ్ళు కాదు గదా, ఆ వర్షాకాలం కూడా దాటలేదు. గోదావరి ఎర్రనీళ్ళతో నిండుగా ఉన్న రోజుల్లో పిల్ల బడి నుంచి పొట్ట పట్టుకుని వచ్చింది. ఎనిమిదో తరగతి. అత్తగారు కబురు వినగానే కుర్చీలోంచి లేచారు, కర్ర కూడా మర్చిపోయి. తాటాకు చాప పరిపించారు, పిల్లని కూర్చోబెట్టించారు, రోట్లో నువ్వులూ బెల్లం వేసి చిమ్మిలి దంచించారు. ముత్తైదువలొచ్చారు, పసుపు రాశారు, పాట పాడారు. పిల్ల సిగ్గుపడుతూ మధ్యమధ్యలో నా వైపు చూసి నవ్వుతోంది. ఇల్లంతా సందడి. చాలా నెలల తర్వాత ఆ ఇంట్లో ఒక శుభకార్యం, ఎవరైనా ఎందుకు సంబరపడరు? అక్కని పిలిచి, తల్లివి, మొదటి ముద్ద నువ్వే పెట్టు అన్నారు. అక్క జుట్టు అప్పుడప్పుడే పొట్టిగా మొలుస్తోంది, దాని మీద ఒక్క పువ్వు నిలవక పిన్ను పెట్టుకుంది. చిమ్మిలి ఉండ చేతిలోకి తీసుకుని పిల్ల నోటి దాకా తీసుకెళ్ళి ఆగిపోయింది. అక్క ఏమనుకుంటోందో ఆ గదిలో నాకూ బావకీ తప్ప ఎవరికీ తెలీదు. ఈ పూట నుంచి ఈ ఒంట్లో నెలనెలా ఆ కబురు మొదలు. ఆ కబురు అందుకుని మూలకణాలు లేవడం, నకళ్ళు తీసుకోవడం, రాలడం, మళ్ళీ లేవడం మొదలు. దిద్దేవాళ్ళు దీనికున్నారో లేదో తెలీదు. "పెట్టమ్మా, ఏడుపెందుకు, ఆనందంగా ఉండాల్సిన టైములో" అందొకావిడ. అక్క పెట్టింది. పిల్ల బుగ్గ ఉబ్బించుకుని నమిలింది.

ఓణీ మీదకి జాకెట్టు నేనే కుట్టాను. పెరిగే పిల్ల కదా, రెండు పక్కలా లోపల గుడ్డ కాస్త ఎక్కువే వదిలాను, తర్వాత విప్పుకోవచ్చని.

ఇప్పుడు అక్క మధ్యాహ్నాలు నా కొట్లోనే ఉంటోంది. అండాశయాలు తీసేశారు. ఎడమ చెయ్యి వాస్తుంటుంది కాబట్టి మిషను తొక్కనివ్వను, కూర్చుని హుక్కులు కుడుతుంది. పరీక్షలకి వెళ్తున్నాం, ప్రస్తుతానికి బాగానే ఉందంటున్నారు. ప్రస్తుతానికి అనే మాట ఈమధ్య మా ఇళ్ళలో అందరం వాడుతున్నాం.

మొన్న పిల్ల బడి నుంచి నేరుగా కొట్టుకి వచ్చింది. సంచీ కింద పడేసి, "పిన్నీ, ఒకసారి లోపలికి రా" అంది. తెర వెనక్కి వెళ్ళాను. బట్ట మీద నుంచే చెయ్యి పెట్టి చూపించింది. "ఇక్కడ నెప్పెడతంది. గడ్డలాగుంది. రెండో వైపు కూడా. అమ్మకి చెప్పకు."

అదే బల్ల, అదే అద్దం, అదే తెర. చూశాను. రెండు వైపులా ఒకలాగే ఉంది, గడ్డలు గడ్డలుగా, ఆ వయసులో అందరికీ ఉన్నట్టే. నాకు తెలుసు అది ఏమిటో. ఏ ఆడదానికైనా తెలుసు. "తేదీ ఎప్పుడే?" అన్నాను. దగ్గర్లోనే అంది. దాని కళ్ళలో భయం. ఇంట్లో దాచి మాట్లాడుకున్న మాటలన్నీ అది వినే ఉంటుంది. ఏదో ఒకటి చెప్పాలి. నోట్లోంచి వచ్చేసింది.

"తేదీ ముందు అలాగే ఉంటాదే. తలకి పోసుకున్నాక అదే పోద్ది."

"నిజంగా?"

"నిజంగానే. అయ్యాక ఒకసారి నాకు చెప్పు."

పిల్ల మొహం తేటపడింది. సంచీ భుజాన వేసుకుని, అక్క మెడ చుట్టూ ఒకసారి చేతులేసి, సైకిలెక్కి పోయింది. నేను తెర పక్కకి లాగి నిలబడ్డాను. అక్క ఒళ్ళో జాకెట్టు పెట్టుకుని కూర్చుంది, చేతిలో సూది ఆగిపోయి ఉంది. ఆ తెర పల్చటి చీర గుడ్డ, దాని వెనక గుసగుసలాడినా బయటికి వినపడుతుంది.

"అమ్మ మాటే చెప్పావు" అంది.

"ఇంకేం చెప్పమంటావక్కా? అది నిజం కదా."

"నిజమే. నాకు చెప్పినప్పుడు కూడా నిజమే."

నేను వెళ్ళి మిషను ముందు కూర్చున్నాను, తొక్కలేదు. అక్క హుక్కు బిగించి, దారం పళ్ళతో తెంపి, ఇంకో జాకెట్టు ఒళ్ళోకి తీసుకుంది. తలెత్తకుండానే అంది.

"దానికి తేదీ అయ్యాక నువ్వే చూడవే. నన్ను చూడమనకు. నా చేతికి ఇప్పుడు ఏది తగిలినా ఆ గడ్డలాగే ఉంటాది."